క్రూయిజ్‌లో మొబైల్ డేటా: బిల్లు వాచిపోకుండా ఎలా వాడుకోవాలి

షిప్పు రేవు వదిలిన రెండు మూడు గంటలకు ఫోన్ తీసి చూడండి. చుట్టూ నీళ్లు తప్ప ఇంకేమీ లేని చోట సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి. ఇక్కడ కూడా సిగ్నల్ వస్తోందే అని సంతోషపడి వాట్సాప్ తెరిచారంటే అసలు ఖర్చు అక్కడే మొదలవుతుంది. ఆ సిగ్నల్ ఒడ్డు నుంచి రావడం లేదు. షిప్పు లోపలే చిన్న చిన్న మొబైల్ యాంటెన్నాలు బిగించి ఉంటాయి, మీ ఫోన్ వాటికి కనెక్ట్ అవుతుంది, అక్కడి నుంచి డేటా శాటిలైట్‌కి వెళ్లి మళ్లీ భూమి మీదికి దిగుతుంది. మీ సిమ్ కంపెనీ లెక్కలో మీరు ఒక వేరే దేశంలో ఉన్నట్టే, అదీ మామూలు రోమింగ్ ప్యాక్‌లు చాలావాటిలో అసలు లేని దేశంలో.

మా పిన్ని మొదటిసారి క్రూయిజ్‌కి వెళ్లినప్పుడు షిప్పెక్కాక ఫోన్ ముట్టుకోనే లేదు, అది నాలుగు రోజులు హ్యాండ్‌బ్యాగ్‌లోనే పడి ఉంది. ఇంటికొచ్చిన మూడు వారాలకు వచ్చిన బిల్లు చూసి ఆవిడకి నోట మాట రాలేదు. నేను వాడనే లేదు కదా, ఎలా వస్తుంది అని ఆవిడ అడిగిన మాట చాలామంది అడుగుతారు. ఆవిడ వాడలేదు నిజమే, ఫోన్ వాడింది. ఫ్యామిలీ గ్రూపుల్లో వచ్చిన వీడియోలు దానంతట అదే డౌన్‌లోడ్ చేసుకుంది, ఫోటోలు బ్యాకప్ చేసుకుంది, యాప్‌లు అప్‌డేట్ చేసుకుంది. ఇలాంటి బిల్లు ఇంకెవరికీ రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో గట్టిగా పెట్టుకోండి. క్రూయిజ్‌లో మీ ఫోన్‌కి మూడు రకాల కనెక్షన్లు దొరుకుతాయి. ఒకటి షిప్పు సొంత మొబైల్ నెట్‌వర్క్, దీని జోలికి వెళ్లకూడదు. రెండోది షిప్పు వైఫై, దీన్ని అవసరాన్ని బట్టి కొనుక్కోవాలి. మూడోది షిప్పు ఆగిన ఊళ్లో ఒడ్డు మీది మామూలు మొబైల్ నెట్‌వర్క్, అన్నిటికన్నా చవగ్గా, వేగంగా దొరికేది ఇదే. మిగతా జాగ్రత్తలన్నీ ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిసిపోకుండా చూసుకోవడానికే.

బయల్దేరే ముందు సిమ్ కంపెనీతో మాట్లాడండి

కనీసం వారం ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి, లేదా వాళ్ల యాప్‌లో రోమింగ్ షరతులు చదవండి. అక్కడ వెతకాల్సిన మాట మారిటైమ్, అంటే సముద్రం మీద షిప్పుల్లో దొరికే నెట్‌వర్క్. ఏ దేశానికి వెళ్తున్నారు అని వాళ్లు అడిగితే మీరు దేశాల పేర్లు చెప్పి ప్యాక్ తీసుకుంటారు, అది ఆ దేశాల్లో నేల మీద బాగానే పనిచేస్తుంది, కానీ షిప్పులు, విమానాలు ఇందులో రావు అని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. యూరప్‌లో కూడా అంతే. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి రోమింగ్ అదనపు ఛార్జీలు ఎత్తేశారు, కానీ ఆ నియమం నేల మీది టవర్లకే వర్తిస్తుంది, శాటిలైట్ మీద నడిచే షిప్పు నెట్‌వర్క్‌కి వర్తించదు. కొన్ని కంపెనీలు క్రూయిజ్ కోసమే వేరే ప్యాక్ అమ్ముతాయి. ఫోన్ నంబర్ మీదే కాల్స్ రావాలి, తప్పదు అనుకునేవాళ్లకి అది పనికొస్తుంది, డేటా కోసమైతే చాలాసార్లు షిప్పు వైఫైయే నయం.

కస్టమర్ కేర్‌తో అదే కాల్‌లో ఇంకో రెండు పనులు చేయించండి. రోమింగ్ ఖర్చుకి పరిమితి పెట్టే సదుపాయం ఉందా అని అడగండి, ఉంటే పెట్టించేయండి. అసలు ఆ సిమ్ బయట వాడేదే లేదనుకుంటే ఇంటర్నేషనల్ రోమింగ్ పూర్తిగా ఆపేయించవచ్చు. ఇక వాయిస్‌మెయిల్, అంటే కాల్ ఎత్తనప్పుడు అవతలివాళ్ల మాట రికార్డు చేసే సదుపాయం, దాని సంగతి చాలామందికి తెలియదు. మీరు రోమింగ్‌లో ఉండి కాల్ ఎత్తకపోతే, ఆ కాల్ మీ దాకా వచ్చి మళ్లీ వెనక్కి మీ దేశంలోని వాయిస్‌మెయిల్‌కి వెళ్తుంది, కొన్ని కంపెనీలు రెండు వైపులా ఛార్జ్ వేస్తాయి. బయల్దేరే ముందే ##002# డయల్ చేస్తే, వాయిస్‌మెయిల్‌కి మళ్లించేది సహా కాల్ ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి. కొన్ని నెట్‌వర్క్‌లలో ఈ కోడ్ పనిచేయదు, అప్పుడు కస్టమర్ కేర్ వాళ్లనే తీసేయమనండి.

ఇంటి వైఫై మీద చేసుకోవాల్సినవి

ఇంట్లో ఉన్న వైఫైలో అరగంట కూర్చుంటే సముద్రంలో కొనుక్కోవాల్సిన డేటాలో సగం మిగులుతుంది. షిప్పు ఆగే ప్రతి ఊరికీ గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. భాష రాని చోటైతే గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఆ భాష కూడా. పాటలు, సినిమాలు, పిల్లల వీడియోలు ఏవైనా ముందే డౌన్‌లోడ్ చేసి, ఒకసారి ఫ్లైట్ మోడ్ పెట్టి అవి నిజంగా నడుస్తున్నాయో లేదో చూడండి, ఎందుకంటే డౌన్‌లోడ్ అయినట్టు కనిపించి తెరిస్తే ఇంటర్నెట్ అడిగేవి ఉంటాయి. టికెట్లు, హోటల్ బుకింగ్, వీసా, పాస్‌పోర్ట్ కాపీ ఫోన్‌లోనే సేవ్ చేసుకోండి. క్రూయిజ్ కంపెనీ యాప్ కూడా ఇంట్లోనే ఇన్‌స్టాల్ చేసి లాగిన్ అయిపోండి. ఈ యాప్ ఎందుకో తర్వాత చెప్తాను.

జీపీఎస్‌కి డేటా అక్కర్లేదు. ఫ్లైట్ మోడ్‌లో కూడా ఇప్పటి ఫోన్లు శాటిలైట్ల నుంచి మీరున్న చోటు పట్టుకుంటాయి. మ్యాప్ ముందే దించుకుని ఉంటే, తెలియని ఊళ్లో ఒక్క ఎంబీ ఖర్చు లేకుండా షిప్పు దగ్గరికి తిరిగి రావచ్చు. దారి తప్పుతామేమోనన్న టెన్షన్‌తోనే చాలామంది రోమింగ్ ఆన్ చేస్తారు కాబట్టి ఇది చెప్పడం అవసరం అనిపించింది.

తర్వాత ఫోన్‌కి కళ్లెం వేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా లోకి వెళ్లి మీడియా ఆటో డౌన్‌లోడ్ అన్నిచోట్లా తీసేయండి, ఆండ్రాయిడ్‌లో అయితే మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడిట్లోనూ. వైఫైలో ఎందుకు అంటారేమో, షిప్పు వైఫై ఇంటి వైఫై లాంటిది కాదు. అలాగే వాట్సాప్ రాత్రిపూట చేసే బ్యాకప్, గూగుల్ ఫోటోస్ లేదా ఐక్లౌడ్ బ్యాకప్, యాప్‌ల ఆటో అప్‌డేట్ కూడా ఆపేయండి. ఫోటోల బ్యాకప్ ఆపడానికి భయమేస్తే, రోజూ రాత్రి ఒక పెన్‌డ్రైవ్‌లోకో ఇంకో ఫోన్‌లోకో కాపీ చేసుకోవచ్చు.

ఒడ్డు మీద వాడుకోవడానికి ఈసిమ్

ఈసిమ్ అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోనే ఇన్‌స్టాల్ అయ్యే సిమ్. మీ ఫోన్‌లో *#06# డయల్ చేయండి, వచ్చిన నంబర్లలో ఈఐడీ అని ఒకటి కనిపిస్తే ఆ ఫోన్‌కి ఈసిమ్ సదుపాయం ఉన్నట్టే. ఫోన్ ఏదో ఒక కంపెనీకి లాక్ అయి ఉండకూడదు, ఇది కూడా చూసుకోండి. ఎయిరాలో, హోలాఫ్లై, నోమాడ్ లాంటి కంపెనీలు ఒక్కో దేశానికి విడిగా, కొన్ని దేశాలకు కలిపి, రెండు రకాలుగా అమ్ముతాయి. క్రూయిజ్‌కి ఎక్కువగా కలిపి అమ్మేవే పనికొస్తాయి, రోజుకో దేశంలో దిగుతాం కాబట్టి.

కొనేటప్పుడు ప్లాన్ పేరు చూసి మోసపోవద్దు, దేశాల జాబితా తెరిచి షిప్పు ఆగే రేవుల్ని ఒక్కొక్కటిగా సరిచూసుకోండి. మధ్యధరా సముద్రంలో తిరిగే షిప్పునే తీసుకోండి. ఒకరోజు క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో ఆగుతుంది, మర్నాడు పక్కనే మాంటెనెగ్రోలోని కోటోర్‌లో, ఇంకో రోజు టర్కీలోని కుషాదసిలో. క్రొయేషియా యూరోపియన్ యూనియన్‌లో ఉంది, మిగతా రెండూ లేవు. యూరప్ అని పేరున్న ప్రతి ప్లాన్‌లోనూ ఆ రెండూ ఉంటాయన్న నమ్మకం లేదు. కరీబియన్‌లో అయితే మరీ జాగ్రత్త, ఒక్కో దీవి ఒక్కో దేశం లాంటిది, జాబితాలో లేని దీవిలో దిగితే ఆ రోజు ఈసిమ్ ఉన్నా లేనట్టే.

గడువు ఎప్పుడు మొదలవుతుందో కూడా చదవండి. కొన్ని ప్లాన్లు కొన్న రోజు నుంచో ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచో లెక్కేస్తాయి, కొన్ని ఆ దేశంలో మొదటిసారి నెట్‌వర్క్ దొరికినప్పటి నుంచి. పది రోజుల క్రూయిజ్‌కి ఏడు రోజుల ప్లాన్ సరిపోదు అనుకుంటాం గానీ, రెండో రకమైతే, మొదటి రేవు నాలుగో రోజు వస్తోందంటే అదే చాలు. ఈసిమ్ ఇన్‌స్టాల్ చేయడానికి ఇంటర్నెట్ కావాలి, కాబట్టి ఆ పని ఇంట్లోనే ముగించండి. పొరపాటున డిలీట్ చేయకండి, చాలావాటిని ఒకసారి తీసేస్తే మళ్లీ ఇన్‌స్టాల్ చేయనివ్వరు.

అన్నిటికన్నా ముఖ్యమైన సెట్టింగ్ ఇక్కడే ఉంది. ఫోన్‌లో ఇప్పుడు రెండు లైన్లు ఉన్నాయి, మీ ఇంటి సిమ్, కొత్త ఈసిమ్. డేటా రోమింగ్ ఈసిమ్‌కి ఆన్‌లో ఉండాలి, లేకపోతే అది పనిచేయదు. ఇంటి సిమ్‌కి ఆఫ్‌లో ఉండాలి. ఐఫోన్‌లో మొబైల్ డేటా పేజీలో అలౌ సెల్యులార్ డేటా స్విచింగ్ అని ఒకటి ఉంటుంది, ఈసిమ్‌కి సిగ్నల్ తగ్గగానే ఇంటి సిమ్ డేటా వాడుకునే అనుమతి అది. దాన్ని తప్పకుండా ఆఫ్ చేయండి. ఇంకా నిశ్చింతగా ఉండాలంటే ఇంటి సిమ్ లైన్‌నే పూర్తిగా ఆఫ్ చేసేయవచ్చు.

షిప్పు వైఫై: కొనాలా వద్దా, కొంటే ఏది

నిజం చెప్పాలంటే అందరికీ అక్కర్లేదు. ప్రయాణంలో రోజు విడిచి రోజు రేవులు ఉంటే, ఒడ్డు మీద ఈసిమ్‌తో పని కానిచ్చేసి, సముద్రంలో ఉన్న రోజులు ఫోన్ లేకుండా హాయిగా గడిపేయవచ్చు. వరసగా నాలుగైదు రోజులు నీళ్ల మీదే ఉండే ప్రయాణమైతే, లేదా ఇంట్లో పెద్దవాళ్లో పసిపిల్లలో ఉండి రోజూ మాట్లాడాల్సి వస్తే కొనుక్కోండి, అక్కడ పొదుపు చూసుకోవద్దు.

ఒకప్పుడు షిప్పు ఇంటర్నెట్ అంటే నిమిషాల లెక్కన కొనుక్కుని, మెయిల్ తెరుచుకునే దాకా ఎదురుచూడటమే. సంకేతం భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న శాటిలైట్ దాకా వెళ్లి రావాలి, మాట్లాడితే అవతలివాళ్లకి వినపడటంలోనే ఆలస్యం తెలిసేది. ఇప్పుడు స్టార్‌లింక్ లాంటి ఇంటర్నెట్ కంపెనీల శాటిలైట్లు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతున్నాయి. రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ 2022లో తన షిప్పులన్నిటిలో స్టార్‌లింక్ పెడతామని ప్రకటించింది, తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. అందుకని వీడియో కాల్ కూడా బాగానే నడుస్తుంది, ఒకేసారి వేలమంది వాడే సాయంత్రం వేళల్లో తప్ప. పొద్దున్నే లేచి వాడుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

డబ్బు మిగిలేది మూడు చోట్ల. మొదటిది, ముందే కొనడంలో. షిప్పెక్కాక కొనే ధర కంటే ఆన్‌లైన్‌లో ముందుగా కొనే ధర చాలా కంపెనీల్లో తక్కువగా ఉంటుంది. కొన్ని కంపెనీలు ప్రయాణానికి ముందు రద్దు చేసుకోనిస్తాయి కాబట్టి, కొన్నాక కూడా అప్పుడప్పుడు ధర చూస్తూ ఉండండి, తగ్గితే పాతది రద్దు చేసి కొత్తగా కొనండి. రెండోది, ఏ స్థాయి ప్లాన్ అన్నది. ఉదాహరణకు కార్నివాల్ అనే క్రూయిజ్ కంపెనీలో సోషల్, వాల్యూ, ప్రీమియం అని మూడు రకాలు అమ్ముతారు. మెసేజ్‌లు, సోషల్ మీడియా వరకే అయితే అన్నిటికన్నా కింది ప్లాన్ చాలు. ఆఫీసు పని ఉండి వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి భద్రంగా కలిపే కనెక్షన్) వాడాలంటే మాత్రం ఏ ప్లాన్‌లో అనుమతి ఉందో ముందే కనుక్కోండి, కొన్నిట్లో దాన్ని అడ్డుకుంటారు, డబ్బు కట్టాక తెలిస్తే ఏం లాభం.

మూడోది, ఎన్ని ఫోన్లకి అన్నది. నలుగురు ఉన్నారని నాలుగు తీసుకోవాల్సిన పనిలేదు. ఒక డివైస్ ప్లాన్‌ని చాలా షిప్పుల్లో ఒక ఫోన్‌లో లాగౌట్ అయి ఇంకో ఫోన్‌లో లాగిన్ అయి వాడుకోవచ్చు, ఒకే సమయంలో ఒక్కరే వాడాలి అంతే. భార్యాభర్తలకి ఒక్కటి చాలు. కాకపోతే పని అయ్యాక లాగౌట్ చేయడం మర్చిపోకండి. హాట్‌స్పాట్ పెట్టి అందరూ పంచుకోవడం, చిన్న రౌటర్ తీసుకెళ్లడం గురించి కూడా అడుగుతుంటారు. చాలా కంపెనీల షరతులు దీన్ని ఒప్పుకోవు, రౌటర్లని బ్యాగు తనిఖీలోనే తీసి పక్కన పెట్టే షిప్పులు ఉన్నాయి. దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇందాక చెప్పిన కంపెనీ యాప్ సంగతి. షిప్పు వైఫైకి కనెక్ట్ అయితే, ఇంటర్నెట్ ప్లాన్ కొనకపోయినా ఆ యాప్ పనిచేస్తుంది. భోజనం వేళలు, కార్యక్రమాలు, మీ ఖాతాలో ఎంత ఖర్చయింది, అన్నీ అందులో చూసుకోవచ్చు. చాలావాటిలో షిప్పులో ఉన్నవాళ్లు ఒకరికొకరు మెసేజ్ పంపుకునే చాట్ కూడా ఉంటుంది, కొన్నిట్లో ఉచితం, కొన్నిట్లో కొద్దిగా తీసుకుంటారు. పిల్లలు ఏ డెక్ మీద ఉన్నారో కనుక్కోవడానికి ఇది చాలు.

షిప్పెక్కిన రోజు

రేవులో ఉండగానే ఫ్లైట్ మోడ్ పెట్టండి. తర్వాత వైఫై ఒక్కటి విడిగా ఆన్ చేసుకోండి. షిప్పు మొబైల్ నెట్‌వర్క్‌ని సాధారణంగా తీరానికి 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు దాటాక ఆన్ చేస్తారు, కానీ ఆ గీత ఎప్పుడు దాటామో మనకి తెలియదు కదా, కాబట్టి ముందే పెట్టేయడమే మంచిది. మీ ఫోన్ ఒక్కటే కాదు. సిమ్ ఉన్న వాచ్, పిల్లల ట్యాబ్, పెద్దవాళ్ల ఫోన్, సిమ్ వేసిన ల్యాప్‌టాప్, అన్నీ మంచం మీద వరసగా పెట్టి ఒక్కొక్కటీ చూడండి. బిల్లు ఎక్కువగా వచ్చేది మర్చిపోయిన ఆ రెండో పరికరం నుంచే.

వైఫైకి కనెక్ట్ అయ్యాక ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు నొక్కి, దాన్ని మీటర్డ్‌గా, అంటే డేటా పొదుపుగా వాడాల్సిన కనెక్షన్‌గా మార్చండి. ఐఫోన్‌లో అయితే వైఫై పేరు పక్కనున్న గుర్తు నొక్కి లో డేటా మోడ్ ఆన్ చేయండి. ఫోన్ వెనకాల చేసే పనులు చాలావరకు తగ్గిపోతాయి, మెసేజ్‌లు కూడా తొందరగా వెళ్తాయి. లాగిన్ పేజీ రాకపోతే కంగారు పడకండి, వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఒక నిమిషం ఆపి మళ్లీ చూడండి.

ఫ్లైట్ మోడ్‌లో ఉన్న ఫోన్‌లో గడియారం దానంతట అది మారకపోవచ్చు, మారితే ఏ నెట్‌వర్క్ సమయం తీసుకుంటుందో చెప్పలేం. షిప్పు సమయం ఒకటి, దిగిన ఊరి సమయం ఇంకొకటి అయ్యే రోజులు ఉంటాయి. ఆటోమేటిక్ టైమ్ తీసేసి చేత్తో షిప్పు సమయం పెట్టుకోండి. గంట తేడాతో షిప్పు తప్పిపోతే ఆ ఖర్చు ముందు ఏ డేటా బిల్లూ లెక్కలోకి రాదు.

రేవులో దిగినప్పుడు

షిప్పు దిగి నేల మీదికి వచ్చాకే ఫ్లైట్ మోడ్ తీయండి. తీశాక మొదట నెట్‌వర్క్ పేరు చూడండి. ఆ దేశపు కంపెనీ పేరు ఉంటే సరే. సెల్యులార్ ఎట్ సీ అనో, టెలినార్ మారిటైమ్ అనో, లేదా 901తో మొదలయ్యే అంకెలు గానీ కనిపిస్తే అది షిప్పు నెట్‌వర్క్, వెంటనే మళ్లీ ఫ్లైట్ మోడ్. ఇంకో భద్రత కావాలంటే నెట్‌వర్క్ సెలెక్షన్‌లో ఆటోమేటిక్ తీసేసి, ఒడ్డు కంపెనీని చేత్తో ఎంచుకోండి, అప్పుడు ఫోన్ చెప్పకుండా వేరేదానికి మారదు.

తీరం వెంబడే నెమ్మదిగా వెళ్లే ప్రయాణాల్లో, నార్వేలో కొండల మధ్య సన్నటి సముద్రపు పాయలైన ఫ్యోర్డ్‌ల లాంటి చోట, షిప్పులో ఉండగానే ఒడ్డు సిగ్నల్ దొరుకుతుంది. ఉక్కు గోడల మధ్య క్యాబిన్‌లో రాదు, డెక్ మీదికో బాల్కనీలోకో వెళ్లాలి. వాడుకోవచ్చు, కానీ చేత్తో ఎంచుకున్న నెట్‌వర్క్‌తోనే, ఇంటి సిమ్ ఆఫ్‌లో ఉంచే.

బ్యాంకు పనులు ఒడ్డు మీదే చేసుకోండి. ఓటీపీ ఎస్ఎంఎస్‌గా ఇంటి సిమ్‌కి వస్తుంది, ఆ లైన్ ఆఫ్‌లో ఉన్నా, ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా అది రాదు. దానికోసం సముద్రం మధ్యలో సిమ్ ఆన్ చేసి చిక్కుల్లో పడేవాళ్లు ఎందరో. బయల్దేరే ముందే వీలైన ఖాతాలకి ఓటీపీ బదులు అథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే యాప్) పెట్టుకోండి, లేదా ఈమెయిల్‌కి వచ్చేలా మార్చుకోండి. కొన్ని సిమ్ కంపెనీలు వైఫై కాలింగ్ మీద ఎస్ఎంఎస్ కూడా అందిస్తాయి, మీ దానికి ఉందో లేదో ఇంట్లోనే పరీక్షించుకోండి. ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై ఆన్ చేసి, ఎవరినైనా మెసేజ్ పెట్టమంటే సరి. విదేశంలో వైఫై కాల్‌కి ఛార్జ్ ఎంతో కూడా అడగండి, అన్ని కంపెనీలూ ఉచితంగా ఇవ్వవు.

తిరిగి షిప్పెక్కే మెట్ల దగ్గరే మళ్లీ ఫ్లైట్ మోడ్. ఎక్కాక చూద్దాంలే అనుకుంటే మర్చిపోతాం.

ఇంటికొచ్చాక

నెట్‌వర్క్ సెలెక్షన్‌ని మళ్లీ ఆటోమేటిక్‌కి మార్చండి, లేకపోతే సిగ్నల్ లేదని కంగారు పడతారు. ఇంటి సిమ్ లైన్, కాల్ ఫార్వర్డింగ్, బ్యాకప్‌లు, ఆటోమేటిక్ టైమ్ తిరిగి ఆన్ చేసుకోండి. బ్యాంకు ఓటీపీ వస్తోందో లేదో ఒకసారి చూసుకోండి.

రోమింగ్ లెక్కలు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి చేరడానికి సమయం పడుతుంది, కాబట్టి వచ్చిన నెల బిల్లు మాత్రమే కాదు, ఆ తర్వాతి నెలది కూడా వరస వరస చదవండి. అర్థంకాని మొత్తం కనిపిస్తే ఏ తేదీన, ఏ సమయంలో, ఏ నెట్‌వర్క్ మీద, ఎంత డేటా అని వివరంగా అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. షిప్పెక్కిన రోజు, దిగిన రోజు ఫోన్‌లో డేటా వాడకం పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నవాళ్లకి ఈ వాదన చాలా తేలిక, ఫోన్ ఎంత వాడిందో తేదీతో సహా చూపించవచ్చు. మా పిన్ని దగ్గర అలాంటిదేమీ లేకపోవడం వల్లే ఆవిడ మొత్తం కట్టాల్సి వచ్చింది.